అరిగిన వేళ్లు

నేను చేసే ఉద్యోగం ఏమిటో మా అమ్మకి ఈనాటికీ సరిగా తెలీదు. ఎవరైనా అడిగితే "కంప్యూటర్లు బిగిస్తాది, నేవీ వోళ్లకి" అంటుంది. నేనూ సరిదిద్దను. చెప్పినా అర్థం కాదులే అన్న చదువుకున్నదాని పొగరు కొంత. చెప్పకూడదని సంతకం పెట్టి ఉండడం కొంత.

రక్షణ, భద్రతా సంస్థలకు సాంకేతిక సలహాలిచ్చే ఒక కన్సల్టెన్సీలో నేను ప్రాజెక్ట్ డెలివరీ చూస్తాను. ఆయుధాలతో నాకు పనిలేదు. గేట్ల దగ్గర పాస్ వ్యవస్థలు, కెమెరాల కంట్రోల్ రూములు, రికార్డుల సాఫ్ట్‌వేర్ లాంటివి అనుకున్న తేదీకి, అనుకున్న డబ్బులో పనిచేసే స్థితిలో అప్పజెప్పాలి. క్లయింటు, మా కంపెనీ, యంత్రాలు అమ్మేవాళ్లు, వైర్లు లాగే కాంట్రాక్టర్లు... వీళ్లందరి మధ్యా నిలబడి, తప్పు ఎవరిదైనా తిట్లు తినే మనిషిని నేను. ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలు చేసే పనే ఇది. నాకు జీతమిస్తారు, అంతే తేడా.

దీని గురించి రాయకూడదనే ఇన్నేళ్లూ అనుకున్నాను. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఒకటుంది. దానికి తోడు ఒప్పందాల్లో గోప్యత షరతులు. అయినా నోరు మూసుకోవడం నాకు కంపెనీ కొత్తగా నేర్పిందేమీ కాదు. ఇంట్లో మాట వీధిలోకి పోకూడదని చిన్నప్పుడే నేర్పారు కదా మనకి. ఆ శిక్షణే ఈ రంగంలో నాకు పెద్ద అర్హత అయిందేమోనని అనుమానం. ఇప్పుడు రాయబోయేదాంట్లో ఏ రహస్యమూ లేదు. ఆ గేటు ఎక్కడుందో, యంత్రం ఎవరిదో చెప్పను. ఆ గేటు ముందు నిలబడ్డ ఆడవాళ్ల చేతుల గురించి మాత్రం చెప్తాను. వాళ్ల చేతులు ఎవరి రహస్యమూ కావు.

మాది అనకాపల్లి, గవరపాలెం. బెల్లం వాసన మాకెంత మామూలో, విశాఖ పక్కనే ఉండడం వల్ల నేవీ యూనిఫాం కూడా అంత మామూలు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం, నావల్ డాక్‌యార్డ్, 1969లో మొదలైన నావల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ లాబొరేటరీ, 2010లో రక్షణ శాఖ కిందికి వెళ్లిన హిందుస్థాన్ షిప్‌యార్డ్ అన్నీ బస్సెక్కితే చేరుకునే దూరంలోనే ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా అయ్యాక, నౌకాదళ స్థావరం కోసం ఎంచుకున్న రాంబిల్లి తీరం కూడా మా జిల్లాలోకే వచ్చింది.

2009 జూలై 26న విశాఖలో అణు జలాంతర్గామి అరిహంత్ జలప్రవేశం జరిగింది. అప్పటి ప్రధాని భార్య గురుశరణ్ కౌర్ కొబ్బరికాయ కొట్టారు. నౌకని నీళ్లలోకి దింపడం ఆడవాళ్ల చేత చేయించడం నౌకాదళాల ఆనవాయితీ. అయితే ఆ జలాంతర్గామిలో ఉద్యోగం చేసే అర్హత మాత్రం ఆ రోజుకి ఏ ఆడదానికీ లేదు. తర్వాత కొన్ని తలుపులు తెరుచుకున్నాయి. అగ్ని క్షిపణుల ప్రాజెక్టుకి హైదరాబాదులో టెస్సీ థామస్ నాయకత్వం వహించారు. 2020 ఫిబ్రవరి 17న సైన్యంలో, మార్చి 17న నౌకాదళంలో ఆడవాళ్లకు పర్మనెంట్ కమిషన్ ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పులు వచ్చినప్పుడు నేను ఆఫీసులో స్వీట్లు పంచాను. ఇప్పటికీ ఆ సంతోషం తప్పనుకోను.

అయితే ఇవన్నీ పెద్ద గేటులోంచి వెళ్లినవాళ్ల విజయాలు. ఇలాంటి సంస్థలకి ఇంకో గేటు ఉంటుంది. క్యాంటీన్‌లో గిన్నెలు తోమేవాళ్లు, మరుగుదొడ్లు కడిగేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, తుప్పు గీకేవాళ్లు ఆ గేటులోంచి వెళ్తారు. వాళ్ల పేర్లు సంస్థ రికార్డుల్లో కాదు, కాంట్రాక్టరు మస్టర్‌లో ఉంటాయి. కొన్నేళ్ల కిందట మాకొచ్చిన ఒక ప్రాజెక్టులో అలాంటి గేటుకి వేలిముద్ర యంత్రాలు పెట్టాలి.

అంతకుముందు అక్కడ ఫొటో అంటించిన కాగితం పాస్ ఉండేది. కాపలా మనిషి ఫొటో చూసి, ముఖం చూసి పంపేవాడు. పాస్ ఎవరైనా మార్చుకోవచ్చు, ఫొటో అంటించుకోవచ్చు. కాబట్టి మార్చాలన్న క్లయింటు కోరికలో తప్పేమీ లేదు. ఆ కోరికకి నేనొకటి చేర్చాను. గేటులోంచి లోపలికి వచ్చిన సమయాన్ని నేరుగా కాంట్రాక్టర్ల హాజరుకి కలిపేస్తే దొంగ మస్టర్లు పోతాయి కదా అన్నాను. ప్రతిపాదనలో 'అదనపు ప్రయోజనం' అన్న శీర్షిక కింద రాసిన ఆ పేరా నాదే. టెండరులో మాకు మంచి మార్కులు పడ్డాయి.

వ్యవస్థ మొదలైన సోమవారం పొద్దున్న ఆరున్నరకి నేను గేటు దగ్గరున్నాను. మగవాళ్ల వరస బాగానే కదులుతోంది. ఆడవాళ్ల వరస ఆగిపోయింది. ఎర్ర లైటు, మళ్లీ ఎర్ర లైటు. కాపలా మనిషి "తలకి రాసి పెట్టమ్మా, నూనె తగిల్తే పడతాది" అంటున్నాడు. వరస పక్కన మెట్టు మీద కూర్చుని ఒకామె కొంగుతో బొటనవేలు తుడుచుకుంటోంది. తుడవడం, వెళ్లి పెట్టడం, వెనక్కి రావడం. నన్ను చూసి లేచి నిలబడింది.

"మేడమ్‌గారూ, నా వేలు చెడిపోయినట్టుందండి" అంది.

యంత్రం చెడిపోయిందని ఆమెకి తోచలేదు.

ఇక్కడ కొంచెం సాంకేతికం చెప్పాలి. పెద్ద కష్టమేమీ కాదు. వేలిముద్ర యంత్రం రెండు రకాల తప్పులు చేస్తుంది. రాకూడని మనిషిని రానివ్వడం ఒకటి, రావలసిన మనిషిని ఆపేయడం రెండోది. మొదటిదాన్ని ఫాల్స్ యాక్సెప్ట్ అనీ, రెండోదాన్ని ఫాల్స్ రిజెక్ట్ అనీ అంటాం. యంత్రం లోపల 'ఈమే', 'ఈమె కాదు' అన్న జ్ఞానం ఏమీ ఉండదు. ముందు దాచుకున్న ముద్రకీ ఇప్పటి ముద్రకీ ఎంత పోలిక ఉందో ఒక మార్కు వేస్తుంది, అంతే. ఎన్ని మార్కులొస్తే పాసో మనుషులు చెప్పాలి. ఆ గీత పైకి జరిపితే మొదటి తప్పు తగ్గి రెండోది పెరుగుతుంది. కిందికి జరిపితే రెండోది తగ్గి మొదటిది పెరుగుతుంది. రెండూ తగ్గాలంటే మెరుగైన యంత్రం కొనాలి, లేదా కార్డు లాంటి ఇంకో ఆధారం జోడించాలి. దానికి డబ్బు కావాలి.

ఆ గీత ఎక్కడ గీయాలో నిర్ణయించిన సమావేశంలో పదిమంది మగవాళ్లున్నారు, నేనున్నాను. రక్షణ సంస్థ కదా, పైకే గీశాం. ఎవరూ వాదించలేదు, నేను కూడా. ఒప్పందంలో రెండో తప్పుకి కూడా ఒక పరిమితి ఉంది. అయితే అది మొత్తం మీద సగటు. ఆఫీసర్లనీ గుమస్తాలనీ ఇంజనీర్లనీ అందరినీ కలిపి లెక్కేస్తే మేం ఆ పరిమితి లోపలే ఉన్నాం. పరీక్ష పాసయ్యాం. ఏ గుంపులో ఎందరు ఆగిపోయారన్న లెక్క మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ తీయలేదు.

ఎవరు ఆగిపోతారో నాకు తెలియదనుకోవడానికి వీల్లేదు. అదే నన్ను ఇప్పటికీ పీడించే సంగతి. మా అమ్మ పెళ్లయిన కొత్తలో పల్లెలో చెరకు రసం కాచే పెనం దగ్గర పనిచేసింది. రసంలో మడ్డి విరగడానికి సున్నం వేస్తారు. బెల్లం తెల్లగా రావడానికి హైడ్రోస్ కలుపుతారు. ఆ చేతులతోనే పొయ్యిలో చెరకు పిప్పి ఎగదోసేది. మా నాన్న పోయాక అనకాపల్లి బెల్లం మార్కెట్‌కి వచ్చి, దిమ్మలు మూటకట్టే పనిలో ఇరవై ఏళ్లకి పైగా చేసింది. వేళ్ల మీద గీతలు చర్మం పైపొరలో ఉంటాయి. సున్నం, సిమెంటు, సోడా, యాసిడ్, ఎప్పుడూ నీళ్లలో నానడం, ముతక గోనెల రాపిడి... ఇవన్నీ వాటిని అరగదీస్తాయి. వయసు మీదపడితే చర్మం ఎండి ముద్ర ఇంకా పలచబడుతుంది. పని ఆపితే కొన్ని వారాల్లో గీతలు తిరిగి వస్తాయని పుస్తకాల్లో ఉంది. పని ఆపితే!

2015లో రేషన్ షాపుల్లో వేలిముద్ర యంత్రాలు వచ్చిన కొత్తలో అమ్మకి రెండు నెలలు వేలు పడలేదు. హైదరాబాదు నుంచి ఫోన్‌లో "ఇంకో వేలు పెట్టి చూడమ్మా" అన్నాను. బియ్యానికి డబ్బులు పంపాను. సమస్య తీరిపోయిందనుకున్నాను. ఆ రోజుల్లోనే నేను ఇంకో చోట ఇలాంటి యంత్రాలే పెట్టిస్తున్నాను. ఆ రెండిటినీ కలిపి ఆలోచించలేదు.

'వేలిముద్ర' అనేది మన భాషలో ఒక తిట్టు కూడా. చదువురాని మనిషిని వెటకారంగా అలా అంటారు. 1990ల మొదట్లో సాక్షరతా ఉద్యమం వచ్చినప్పుడు మా వీధిలో రాత్రిబడి పెట్టారు. మార్కెట్ నుంచి వచ్చి, వంటచేసి, అమ్మ పలక పట్టుకుని వెళ్లేది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడడానికి ఆ అక్షరాలే తోడయ్యాయని మనం ఎన్నోసార్లు రాసుకున్నాం. మా అమ్మ ఏ పోరాటంలోకీ వెళ్లలేదు. సంతకం నేర్చుకుంది. నా ఇంటర్మీడియట్ దరఖాస్తు మీద మొదటిసారి తన పేరు రాసింది. పది నిమిషాలు పట్టింది. గుమస్తా విసుక్కుంటూ ఇంకు ప్యాడ్ ముందుకు తోస్తే, దాన్ని పక్కకి జరిపి మరీ రాసింది.

ఇంకు ప్యాడ్‌కి కూడా ఒక చరిత్ర ఉంది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి, రాజ్యధర్ కోనాయ్ అనే కాంట్రాక్టరు చేత ఒప్పందం వెనక అరచేతి ముద్ర వేయించాడు. ఇచ్చిన మాట తప్పకుండా భయపెట్టడమే ఉద్దేశం. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో మొదలైంది. ముద్రల్ని వర్గీకరించే పద్ధతిని తయారుచేయడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగుల పని ఎంతో ఉంది. పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. కష్టం ఒకరిది, పేరు మరొకరిది అయ్యే కథ మనకేం కొత్త కాదు. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని టెంభ్లీ గ్రామంలో మొదటి ఆధార్ సంఖ్య రంజనా సోనవణే అనే పేద మహిళకి ఇచ్చారు. వేలిముద్ర నుంచి సంతకానికి రావడానికి మన అమ్మలు అన్ని రాత్రుళ్లు దీపం ముందు కూర్చుంటే, రాజ్యం మళ్లీ వేలినే అడిగింది. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆధార్ చట్టాన్ని చాలావరకు సమర్థించినప్పుడు, విభేదించిన న్యాయమూర్తి చంద్రచూడ్ ఒక్కరే. మనిషి గౌరవమూ హక్కులూ యంత్రపు సంభావ్యతల మీద ఆధారపడి ఉండకూడదన్నారు. ఆ మాట నేను చాలా ఆలస్యంగా చదివాను.

మళ్లీ ఆ గేటు దగ్గరికి వస్తాను. ఆ వారం క్లయింటుతో సమావేశంలో విషయం లేవదీశాను. "మేడమ్, ఇది సెక్యూరిటీ ప్రాజెక్టు, మహిళా సంక్షేమం కాదు" అన్నాడొకాయన. అందరూ నవ్వారు. నేనూ కొంచెం నవ్వాను. అలా నవ్వకపోతే మనల్ని మళ్లీ పిలవరు. ఇంకొకాయన వేలు వద్దు, ముఖం పెడదామన్నాడు. జాయ్ బులమ్‌వీనీ, టిమ్నిత్ గెబ్రూ అనే ఇద్దరు నల్లజాతి పరిశోధకురాళ్ల 2018 నాటి అధ్యయనం నాకు గుర్తొచ్చింది. ముఖం చూసి ఆడో మగో చెప్పే మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్‌లని వాళ్లు పరీక్షించారు. తెల్లని మగవాళ్ల విషయంలో తప్పులు 1 శాతానికి లోపే. నల్లని ఆడవాళ్ల విషయంలో అవి 34.7 శాతం దాకా వెళ్లాయి. అది వేరే పని చేసే సాఫ్ట్‌వేర్ అయినా, యంత్రం ఎవరి ముఖాల మీద నేర్చుకుంటే వాళ్లనే బాగా గుర్తుపడుతుందన్న సంగతి అన్నిటికీ వర్తిస్తుంది. ఇది చెప్తే "మీరు ఎమోషనల్ అవుతున్నారు" అన్నారు. 34.7లో ఎమోషన్ ఎక్కడుందో నాకు తెలీలేదు.

అప్పుడు నేను చేసిన పని చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసం రాయడం దండగ. అది మూడు నెలల లెక్క ముగిసే వారం. క్లయింటు యాక్సెప్టెన్స్ పత్రం ఇస్తేనే మా కంపెనీకి పెద్ద వాయిదా వస్తుంది. ఆ ఆడవాళ్ల సమస్యని 'మిగిలిన చిన్న అంశాలు' జాబితాలో ఏడో నెంబరుగా వేసి, సంతకం పెట్టి, పెట్టించుకున్నాను. తర్వాత చూద్దామనుకున్నాను.

ఆ 'తర్వాత'కి తొమ్మిది రోజులు పట్టింది. ఈలోగా గేటు దగ్గర వేలు పడనివాళ్లని కాపలావాళ్లు రిజిస్టర్‌లో రాసుకుని లోపలికి పంపారు. పనీ చేయించుకున్నారు. కానీ మస్టర్ యంత్రంతో ముడిపడి ఉంది కదా, నేనే కదా ముడివేసింది... యంత్రం లెక్కలో వాళ్లు రాలేదు. కాంట్రాక్టరు ఆ రోజుల కూలీ కోశాడు. వేలు పడని ఇద్దరిని ఇక రావద్దన్నాడు. శత్రువుని ఆపడానికి కొన్న యంత్రం మరుగుదొడ్లు కడిగే ఆడవాళ్ల కూలీని ఆపింది. యంత్రం చెడిపోయి ఆపలేదు. మేం రాసిచ్చినట్టే, చక్కగా పనిచేసి ఆపింది.

అప్పుడు మాత్రం పోట్లాడాను. జాలి మాటలు మాని వాళ్ల భాషలోనే మాట్లాడాను. ఇంతమందిని రోజూ రిజిస్టర్‌లో రాసి పంపుతుంటే మీ గేటు పాతకాలం గేటుకన్నా బలహీనంగా ఉన్నట్టే, రేపు రాకూడని మనిషి కూడా ఆ రిజిస్టర్‌లోంచే వస్తాడు అన్నాను. ఈ వాదన పనిచేసింది. వేలు పడనివాళ్లకి కార్డు, తెర మీద ఫొటోతో కాపలా మనిషి సరిచూడడం పెట్టాం. ఒక్క బొటనవేలే కాకుండా బాగా పడే రెండు వేళ్లు తీసుకున్నాం. హాజరుని గేటు నుంచి విడదీశాం. కోసిన కూలీ చాలామందికి తిరిగి వచ్చింది. మెట్టు మీద కూర్చున్న ఆమె మాత్రం తిరిగి రాలేదు. రావద్దన్న ఇద్దరిలో ఆమె ఒకరు. ఎక్కడుంటారని కాంట్రాక్టరుని అడిగితే, "వేరే మనిషి వచ్చింది కదా మేడమ్" అన్నాడు. ఆ ప్రాజెక్టుకి మా కంపెనీ నాకు ప్రశంసాపత్రం ఇచ్చింది.

సాహిత్య సభల్లో కలిసే ఒక మిత్రురాలు అడిగింది, అసలు ఆ యంత్రాంగంలో ఉండి స్త్రీవాదం మాట్లాడడమేమిటని. నా దగ్గర నిండు సమాధానం లేదు. ఈ జీతంతోనే తమ్ముడి చదువు, అమ్మ కళ్ల ఆపరేషన్ జరిగాయి. అది కారణమే గానీ సమాధానం కాదు. గీత గీసే బల్ల దగ్గర నేను లేకపోయినా గీస్తారన్నది నిజం. నేనుండి కూడా మొదటిసారి ఏమీ మారలేదన్నదీ అంతే నిజం. బల్ల దగ్గర ఒక ఆడది కూర్చుంటే చాలదు. ఎవరి చేతులు తలుచుకుని కూర్చుందన్నది ముఖ్యం.

ఇప్పుడు ఏ ప్రాజెక్టులోనైనా పరీక్షలు సగటున వద్దంటాను, గుంపులవారీగా లెక్క అడుగుతాను. పరీక్షకి ఆఫీసు కుర్రాళ్లని కాదు, గిన్నెలు తోమేవాళ్లని కూలీ ఇచ్చి పిలిపించమంటాను. ఈ సమాచారం ఇంకెక్కడికి పోతుందని అడుగుతాను. యంత్రం తప్పు చేసిన రోజు ఎవరి కూలీ పోతుందో కాగితం మీద రాయమంటాను. సగంసార్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోనప్పుడు ఏడో నెంబరు అంశంగా మిగల్చకుండా, సంతకం ఆపుతాను. ఒకసారి అలా ఆపినందుకు ప్రాజెక్టు నా చేతిలోంచి తీసేశారు.

ఈమధ్య ఇంటి నుంచి పనిచేస్తూ ఎక్కువగా అనకాపల్లిలోనే ఉంటున్నాను. మొన్న ఒకటో తారీఖున పింఛను ఇచ్చే అమ్మాయి వచ్చింది. అమ్మ అరుగు మీద కూర్చుని చెయ్యి చాపింది. బొటనవేలు పడలేదు. "ఇంకో వేలు మామ్మా" అంది ఆ అమ్మాయి. అదీ పడలేదు. ఆ పిల్ల ఓపిగ్గా అమ్మ వేళ్లు ఒక్కొక్కటే తన చున్నీతో తుడుస్తోంది.

"సంతకం పెడతానే అమ్మీ, నాకొచ్చు" అంది అమ్మ.

"ఇది సంతకం తీసుకోదు మామ్మా."

అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు బిగించేవి ఇలాంటివేనేటే?" అంది.

అవునన్నాను.